పెట్టె మీది జెండా

ఆ వీడియోలో ఉన్నదెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసిపోయింది. అందులో ముఖం కనపడలేదు, వీపు చూసి గుర్తుపట్టాను. ఆ వీపు మీది జాకెట్ నేను కుట్టిందే. గుడ్డ చాలక కుడి భుజం కింద వేరే రంగు ముక్క అతికి కుట్టాను. "ముసల్దాన్ని, నా ఈపు ఎవడు చూస్తడే" అని అప్పుడు నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఆ వీపును వేలమంది చూస్తున్నారు.

నా పేరు సారక్క. గోదావరిఖని చౌరస్తా దగ్గర చిన్న టైలరింగ్ షాపు నాది. ఎవరెదురైనా నాకు ముందు వాళ్ల బట్టలు కనపడతాయి, తర్వాతే ముఖం. పెళ్లిళ్లలో పెళ్లికూతురి మొహం చూడకుండా జాకెట్ చేతులు వంకర పోయాయని చెప్పి తిట్లు తిన్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బు ఇంత పని చేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

వీడియో చూపించింది తస్లీమా. నా షాపులోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది.

"అక్కా, గిది చూసినవా? మన గోదావరి బ్రిడ్జి కాడనే. ఎవరో పిచ్చి ముసల్ది, జెండాను నీళ్లల్ల పారేస్తున్నది."

మోకాలి లోతు నీళ్లలో ఒక ముసలామె. చేతుల్లో మూడు రంగుల జెండా. దాన్ని విప్పింది, నీళ్లలో ముంచింది, లేపింది, మళ్లీ ముంచి వదిలేసింది. అది నీళ్ల మీద పరుచుకుని కొంత దూరం పోయింది. ఒడ్డు మీద నుంచి తీస్తున్నవాడు "చూడుండ్రి, చూడుండ్రి, మన జెండాకు ఎట్ల అవమానం చేస్తున్నదో" అని అరుస్తున్నాడు. దగ్గరకు పోయి ఎందుకమ్మా అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

కింద తిట్లు. జైల్లో వెయ్యాలంటాడొకడు. ఏ దేశపుదో కనుక్కోండని ఒకడు. "ఆ చేతులు నరకాలె" అని ఇంకొకడు. వాడి పేరు, ఫోటో చూశాను. ఓదెలు. మా తమ్ముడితో కలిసి చదువుకున్నవాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్క లేదు.

"మావోళ్లెవరన్న అయితే ఏమైతుండెనో అక్కా. చీరకట్టు చూస్తె హిందువే అని కింద ఎవరో రాసిండ్రు, గప్పుడు నాకు పాణం కుదుటపడ్డది" అంది తస్లీమా.

మిషన్ మీద కుట్టు గుడ్డ దాటి వట్టి ఇనుము మీదికి పోయింది. నా కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. తస్లీమా నా భుజం పట్టుకుని ఊపితే అప్పుడు ఆగాను. షాపు తనకు అప్పజెప్పి ఆటో ఎక్కాను.

ఆ ముసలామె మా అవ్వ లస్మవ్వ, నన్ను కన్న తల్లి. ఆ జెండా మా తమ్ముడు భూపాల్ శవపేటిక మీద కప్పి తెచ్చిన జెండా.

భూపాల్ సైన్యంలో చేరి సరిహద్దులో పనిచేసేవాడు. కొండ మీద నుంచి మంచు విరిగి పడి మరో ముగ్గురితో పాటు కింద ఉండిపోయాడు. దొరికేసరికి చాలా రోజులైంది. పెట్టెలో పెట్టి పంపించారు. పెట్టె తెరవొద్దని వెంట వచ్చిన ఆఫీసరు చేతులు జోడించి మరీ చెప్పాడు. తెరవనిస్తే మా వాడేనని నమ్ముతాం కదా అని నేను గొడవ పెట్టుకున్నాను. ఆయన నా కళ్లలోకి చూడలేదు. అప్పుడు నాకు అర్థమై నోరు మూసుకున్నాను.

మా అవ్వ వాడి ముఖం చూడలేదు. మా మరదలు దీప చూడలేదు. పెళ్లయి ఏడాది తిరగలేదు దానికి. శవానికి స్నానం చేయించడం, పసుపు రాయడం, నోట్లో నీళ్లు పోయడం, మాకు తెలిసిన పనులేవీ చేయడానికి లేకుండా పోయింది. ఉన్నదల్లా ఒక పెట్టె, దాని మీద జెండా. దీప ఆ జెండా మీద చెంప పెట్టుకుని పడుకుంది. లేపడం ఎవరి వల్లా కాలేదు.

ఊరంతా వచ్చింది. చౌరస్తా నుంచి గంగ ఒడ్డు దాకా జనమే. గోదావరిని మేము గంగ అనే అంటాం. సిపాయిలు తుపాకులు తలకిందులు చేసి తలలు వంచి నిలబడ్డారు. తర్వాత ఆకాశంలోకి కాల్చారు. ఆ చప్పుడుకు మా అవ్వ ఉలిక్కిపడి రెండు చెవులు మూసుకుంది. "సచ్చినోని ముందట గూడ కాలుస్తరా?" అని నన్ను అడిగింది. అది గౌరవమని చెప్పాను. నా మాట నాకే బాగనిపించలేదు.

పేటికను కట్టెల మీద పెట్టే ముందు జెండా తీశారు. అవ్వ ముందుకు ఉరికింది. "అయ్యా, తియ్యకుండ్రి. పిల్లగాడు మంచుల సచ్చిండు. సలి పెడ్తది" అని ఆ సిపాయి చెయ్యి పట్టుకుంది. అందరూ ఏడుపు అనుకున్నారు. అది ఏడుపు కాదని నాకు తెలుసు. మా బొగ్గుబాయిల దగ్గర, గని పనివాళ్లలో, పద్ధతి వేరు. మా నాయిన బిక్షం బాయిలో డ్యూటీ మీద ఉండగానే గుండె ఆగి పోయాడు. యూనియన్ వాళ్లు వచ్చి ఆయన మీద ఎర్రజెండా కప్పారు. ఆ జెండా ఆయన మీదే ఉంది, ఆయనతోనే కాలింది, ఆయన బూడిదతోనే గంగలో కలిసింది. ఇక్కడ జెండా మనిషితో పాటు పోతుంది. మనిషి పోయాక జెండా మిగలడం మా అవ్వ ఎప్పుడూ చూడలేదు.

సర్కారు జెండా పద్ధతి అది కాదు. దాన్ని కాల్చకూడదు. సిపాయిలు దాన్ని మూల మీద మూల పెట్టి మడిచారు. ఇస్త్రీ చేసినట్టు అంత నున్నగా మడత పెట్టడం నేను కూడా ఎరుగను. తెచ్చి దీప చేతుల్లో పెట్టారు. దీప దాన్ని గుండెకు అదుముకుని ఇంటికి వచ్చింది. గడప దగ్గర అవ్వ అడ్డం నిలబడింది.

"బిడ్డా, శవం మీది బట్ట ఇంట్లకు రాదు. గంగల కలిపి రా."

"గిది బట్ట కాదు అత్తమ్మా. గిది నా మొగడు" అంది దీప.

నేను దీప పక్షాన మాట్లాడాను. ఈ కాలంలో కూడా ఏందే నీ చాదస్తం అని అవ్వ మీద కసిరాను. అవ్వ పక్కకు జరిగింది. దీప ఆ జెండాను భూపాల్ నల్ల ట్రంకు పెట్టెలో దాచుకుంది. రోజూ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అవ్వ ఆ గదిలోకి పోవడం మానేసింది. దినాలు అయిపోయాక పద్ధతి ప్రకారం దీపను మూడు రాత్రులు నిద్ర చేయడానికి తల్లిగారి ఊరు బసంత్‌నగర్ తీసుకుపోయారు. ఆ జెండాను వెంట తీసుకుపోతానంటే వాళ్లమ్మ వద్దంది. ఆ మర్నాడు పొద్దున అవ్వ గంగ స్నానానికని పోయింది. దినాలైన ఇంట్లో గంగ స్నానం మామూలే కాబట్టి నేను వెంట పోలేదు.

ఆటో దిగి ఇంట్లోకి పోయేసరికి అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. నేను పలకరించకుండా లోపలికి పోయి ట్రంకు పెట్టె మూత ఎత్తాను. వాడి యూనిఫాం ఉంది, బూట్లు ఉన్నాయి, జెండా పెట్టిన ప్లాస్టిక్ కవర్ ఖాళీగా ఉంది. తెలిసే వచ్చాను కదా, అయినా ఆ కవర్‌ను తిరగేసి చూశాను.

"ఏం పని చేసినవే అవ్వా?"

"ఏం చేసిన?"

"జెండా ఏది?"

"గంగల కలిపిన" అంది, కూరలోకి ఉప్పు వేశానని చెప్పినంత మామూలుగా. చేతిలో బియ్యం ఏరడం ఆపలేదు.

నాకు ఒళ్లు మండింది. "దీపను అడిగినవా? ఊరంతా నిన్ను తిడుతున్నది, తెలుసా నీకు? పోలీసులు వస్తరు!" అని అరిచాను. అవ్వ నన్ను వింతగా చూసింది. నా కొడుకు బట్టకు పోలీసులెందుకు వస్తరు అని ఆమె సందేహం. ఇంకాసేపట్లో దీప బసంత్‌నగర్ నుంచి వస్తుంది. ముందు దానికి ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా బయట బండ్లు ఆగాయి.

ఓదెలు, వాడి వెంట నలుగురు పిల్లలు. అందరికీ జేబుల మీద మూడు రంగుల బిళ్లలు. తెలిసిపోయిందనుకున్నాను. ఓదెలు వంగి అవ్వ కాళ్లకు దండం పెట్టాడు.

"పెద్దమ్మా, పొద్దుమీకి చౌరస్తా కాడికి రావాలె నువ్వు. జెండాను అవమానించినోళ్ల మీద పెద్ద ర్యాలీ పెట్టినం. ముందట నువ్వే నడవాలె. మైకుల రెండు మాటలు మాట్లాడాలె."

ఇద్దరు పిల్లలు చుట్టి తెచ్చిన ఫ్లెక్సీ విప్పి గోడకు పట్టారు. ఒక పక్క యూనిఫాంలో భూపాల్. ఇంకో పక్క మా అవ్వ, ఆరోజు పేటిక దగ్గర నోరు తెరిచి ఏడుస్తున్న ఫోటో. మధ్యలో ఎర్ర అక్షరాలతో 'వీరమాత లస్మవ్వ'.

అవ్వ చాట పక్కన పెట్టి చూసింది. "నా బొమ్మ గంత పెద్దగ ఎందుకు కట్టిండ్రు బిడ్డా? నేనింక సావలేదు గద" అంది. ఒక పిల్లాడు నవ్వబోయి ఓదెలును చూసి ఆపుకున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. వీళ్లకు తెలియదు. ఎవరి మీద ర్యాలీ తీస్తున్నారో ఆమెనే ముందు నడవమని పిలవడానికి వచ్చారు. నాకు భయంతో పాటు సిగ్గు లేకుండా నవ్వు కూడా వచ్చింది. పళ్లు బిగబట్టాను.

"అవ్వకు పాణం బాగలేదు ఓదెలు. రేపు మాట్లాడుదాం. నువ్వు పో తమ్మీ" అన్నాను.

"రెండు నిమిషాలు అక్కా" అని వాడు అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మా, మన భూపాల్ పాణం ఇచ్చింది జెండా కోసం. గా జెండాను ఎవత్తో గంగల పారేసింది. మన ఊళ్లెనే. గసోంటి దాని చేతులు నరకాలె. నువ్వు చెప్పు, తప్పా?"

"ఎవలు బిడ్డా? ఎందుకు పారేసింది?"

"చూడు."

ఫోన్ అవ్వ చేతిలో పెట్టాడు. గుంజుకుందామని నేను చెయ్యి చాచాను, అందలేదు. అవ్వ దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. "చూడుండ్రి, చూడుండ్రి" అనే అరుపు మా ఇంటి వాకిట్లో వినిపించింది. గడప అవతల ఎవరో సంచీ కింద పెట్టిన చప్పుడైంది. దీప. బస్సు దిగి వచ్చి, ఇంతమందిని చూసి అక్కడే ఆగిపోయింది. దాన్ని ఇంకెవరూ గమనించలేదు.

"గిది నేనే గదరా" అంది అవ్వ.

ఓదెలు నవ్వాడు. "మంచిగ చూడు పెద్దమ్మా. నీకు కండ్లు సరిగ ఆనుత లేవు."

"నేనేరా. జాకెట్ చూడు, మా సార కుట్టింది. భూపాల్ పెట్టె మీది బట్ట. గంగల కలిపిన. నా బొమ్మ ఎవలు తీసిండ్రు?"

ఫ్లెక్సీ పట్టుకున్న పిల్లల చేతులు కిందికి దిగాయి. ఓదెలు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. అవ్వకు అప్పుడు వాడి మాట గుర్తొచ్చినట్టుంది. వాడిని చూసింది. తన చేతులు చూసుకుంది. చేతులు రెండూ మెల్లగా కొంగు కిందికి దాచుకుంది.

అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ చేతులతో వాడికి ఎన్ని ముద్దలు కలిపి పెట్టిందో వాడే మర్చిపోయాడు. "నరుకురా ఓదెలు, నరుకు. నీకు బువ్వ పెట్టిన చేతులే" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను.

ఓదెలు లేచి నిలబడ్డాడు. వాడి వెనక ఒక పిల్లాడు గొణిగాడు. "గట్లైనా జెండా జెండానే గదన్నా. గది దీప చెల్లె చేతిల పెట్టిండ్రు. ఆమెకు చెప్పకుండ తీసుకపోతే దొంగతనం గాదా?"

అప్పుడు అందరూ దీపను చూశారు. అది గడప దాటి లోపలికి వచ్చింది. మొహంలో రక్తం చుక్క లేదు. అవ్వ దగ్గర నుంచి ఫోన్ తీసుకుంది. వీడియోను మొదటి నుంచి పెట్టింది. జెండా నీళ్ల మీద పరుచుకుని దూరం పోయేదాకా, ఇక కనపడకుండా అయ్యేదాకా చూసింది. నేను దాని మొహం చూస్తూ నిలబడ్డాను. అది ఒక్క మాట అంటే చాలు, అవ్వ పని అయిపోతుంది. అనే హక్కు దానికి ఉంది. దాని మొగడి చివరి గుర్తు దానికి తెలియకుండా పోయింది. నేనైతే అనేదాన్ని.

"చెల్లే, నీకు తెలుసా గిది?" అని ఓదెలు అడిగాడు. వాడి గొంతు బతిమాలుతున్నట్టుంది.

దీప ఫోన్ వాడికి ఇచ్చేసింది.

"తెలుసు. నేనే ఇచ్చిన. నేనే గంగల కలుపుమన్న. మీకేమన్న చెప్పాల్నా?"

దీప మళ్లీ అంది. "ఆయన ముఖం సుత చూపెట్టలే మాకు. జెండా ఏం చెయ్యాల్నో మీరు చెప్తరా?"

ఓదెలు తలకాయ అడ్డంగా ఊపాడు. ఫ్లెక్సీని చుట్టమని పిల్లలకు సైగ చేశాడు. పోయే ముందు అవ్వ దగ్గరికి రెండు అడుగులు వేశాడు, కాళ్లు మొక్కుదామనేమో. అవ్వ చేతులు ఇంకా కొంగు కిందే ఉన్నాయి. వాడు అది చూసి ఆగిపోయాడు. అలాగే వెనక్కి తిరిగి పోయాడు. సాయంత్రం ర్యాలీ జరిగిందో లేదో నేను అడగలేదు. వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

బండ్ల చప్పుడు వినపడకుండా పోయాక దీప లోపలికి నడిచింది. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. నేను పోబోతే అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. దీప ఖాళీ కవర్ పట్టుకుని బయటికి వచ్చింది. అవ్వ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇప్పుడు తిడుతుందని నేను అనుకున్నాను. తిడితే అడ్డం పడదామా వద్దా అని కూడా ఆలోచించాను.

"ఎట్ల కలిపినవ్ అత్తమ్మా?" అని అడిగింది.

అవ్వ దీప దగ్గరికి జరిగింది. తర్వాత చెప్పింది.

"ఆళ్లు మూలలు మూలలు మలిచిండ్రు గద బిడ్డా, ముందుగాల గవి ఇప్పిన. గంగనీళ్లతోని తానం చేయించిన. పసుపు రాసిన. మరి నోట్లె నీళ్లు పొయ్యాలె గద. వానికి నోరు ఏడున్నదో నాకు ఎర్కలేదాయె. నడుమ చక్రం ఉంటది సూడు, గండ్ల పోసిన. మూడుసార్లు పోసిన. 'భూపాలూ, తాగు బిడ్డా' అన్న. గప్పుడు ఇడిసిపెట్టిన."

వీడియోలో ముంచడం, లేపడం చూశాను. పసుపు రాయడం, చక్రం మీద నీళ్లు పోయడం ఆ వీపు చాటున జరిగాయి. వేలమంది చూశారు, ఎవరికీ అవి కనపడలేదు.

దీప కవర్‌ను ఒళ్లో పెట్టుకుని అరచేత్తో చదును చేస్తోంది. అబద్ధం చెప్పేటప్పుడు వణకని గొంతు ఇప్పుడు వణికింది.

"నన్ను గూడ తీసుకపోతే అయిపోతుండె గద అత్తమ్మా" అంది. "ఒక కొస నేను పట్టుకుందు."